నడుము పట్టేసినప్పుడు ఏమి చేయాలి?



"నడుము పట్టేసింది సిస్టర్" అనే మాట మన ఓ.పి.లో మేము వినని రోజు లేదు. ఆదోని పత్తి యార్డులో మూటలు మోసే హమాలీ అన్నలు, ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కూర్చునే నేతన్నలు, కోసిగి, కౌతాళం వైపు నుండి సుగ్గికి గుంటూరు పోయి మిరపకాయలు కోసి వచ్చే అక్కలు, బడిలో రోజంతా నిలబడే టీచర్లు, ఎవరినీ ఈ నొప్పి వదలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతటా 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో ఉన్నారు. కాబట్టి మన ఊరి నీళ్ళ వల్లనో, మన తిండి వల్లనో మనకు మాత్రమే వచ్చిన జబ్బు అనుకోవద్దు.

అయితే మమ్మల్ని బాధపెట్టేది ఈ నొప్పి ఒక్కటే కాదు. కొన్ని వారాల్లో తగ్గిపోవలసిన నొప్పికి మనవాళ్ళు చేయించుకునే వైద్యం ఒక్కోసారి ఆ నొప్పి కన్నా ఎక్కువ కీడు చేస్తోంది. కొందరు నెల రోజులు మంచం దిగరు. కొందరు కూలి పోకూడదని రోజూ సూది వేయించుకుంటారు. కొందరు అక్కచెల్లెళ్ళు నడుము నొప్పి పోతుందని గర్భసంచినే తీయించుకుంటారు. అందుకే ఈ పాఠాన్ని కొంచెం వివరంగా వ్రాస్తున్నాము. ఇంట్లో చదువురాని పెద్దలుంటే వారికి చదివి వినిపించండి.

పట్టు అంటే ఏమిటి?

మన వెన్నెముకలో నడుము భాగానికి 5 పూసలు ఉంటాయి. పూసకు పూసకు మధ్య మెత్తని దిండులాంటి డిస్క్ ఉంటుంది. ఈ పూసలకు రెండు పక్కలా, గుడారాన్ని నిలబెట్టే తాళ్ళలాగా, బలమైన కండరాలు పైనుండి కిందివరకు ఉంటాయి. మనం వంగినప్పుడు అవి మెల్లగా వదులవుతాయి, లేచినప్పుడు బిగుస్తాయి. రోజంతా వాటికి ఇదే పని.

తట్టుకోలేని బరువు ఎత్తినా, నడుము మెలితిప్పి ఎత్తినా, గంటల తరబడి వంగి ఉన్నా, ఒక కండరం పోగో, పూసలను పట్టి ఉంచే పట్టీయో కొద్దిగా సాగి దెబ్బ తింటుంది. అక్కడి నరాలు వెన్నుపాముకు కబురు పంపుతాయి. వెంటనే చుట్టూ ఉన్న కండరాలన్నీ బిగుసుకుంటాయి. చేయి విరిగితే కదలకుండా మనం చెక్క కట్టి ఉంచుతాము కదా, మన శరీరం తన కండరాలతోనే నడుముకు అలాంటి కట్టు కడుతుంది. దానినే మనం పట్టు అంటున్నాము. వెన్ను పక్కన చేయి పెట్టి చూస్తే తాడులాగా గట్టిగా తగులుతుంది. మనిషి ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు.

ఈ కట్టు మన మేలు కోసమే మొదలవుతుంది. కానీ రోజుల తరబడి బిగిసే ఉన్న కండరం అలసిపోతుంది, దానికి రక్తం సరిగా అందదు, అదే మళ్ళీ నొప్పి పెడుతుంది. నొప్పి పెట్టేసరికి మనిషి భయపడి ఇంకా బిగదీసుకుంటాడు. ఇలా ఒకదాని వెంట ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఈ చుట్టును ఎక్కడో ఒక చోట తెంచడమే వైద్యం.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. నొప్పి ఎంత ఎక్కువగా ఉందో లోపల దెబ్బ అంత పెద్దదని అర్థం కాదు. చెంబు తీసుకోబోతేనో, తుమ్మితేనో ప్రాణం పోయినంత నొప్పి రావచ్చు. చెంబు బరువు ఎంత? అంతకు ముందు పది రోజులు పత్తి చేలో వంగి పనిచేసిన అలసట ఆ చెంబు దగ్గర బయటపడింది, అంతే.

మొదటి మూడు రోజులు

నొప్పి మరీ ఎక్కువగా ఉన్న మొదటి రోజు పడుకోవచ్చు. తప్పు లేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకోండి, లేదా పిక్కలను కుర్చీ మీద ఆనించండి. పక్కకు తిరిగి పడుకుంటే రెండు మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టుకోండి. లేచేటప్పుడు తిన్నగా ఎగిరి లేవకండి. ముందు పక్కకు దొర్లి, కాళ్ళు మంచం కిందికి వదిలి, చేతులతో మంచాన్ని నొక్కుతూ లేవండి. పురిటి వార్డులో తల్లులకు ఇదే నేర్పిస్తాము.

కానీ మెలకువగా ఉన్న ప్రతి గంటకూ ఒకసారి లేచి ఇంట్లోనే ఐదు నిమిషాలు నడవాలి. గోడ పట్టుకుని నడిచినా సరే. రెండో రోజు వాకిలి దాకా, మూడో రోజు వీధి చివరి దాకా. కొంచెం నొప్పి పెడుతుంది, దానికి భయపడవద్దు. నడిచిన తరువాత నొప్పి కాసేపట్లో మునుపటి స్థాయికి వస్తే మీరు సరిగానే చేస్తున్నారని తెలుసుకోండి.

"మంచం దిగవద్దు" అని పూర్వం మాకు నర్సింగు బడిలో నేర్పిన మాట నిజమే. ఆ రోజుల్లో డాక్టర్లు కూడా అదే వ్రాసేవారు. ఆ తరువాత పరీక్షించి చూశారు. ఫిన్లాండు దేశంలో హెల్సింకి నగర ఉద్యోగులలో నడుము పట్టేసిన 186 మందిని మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు రెండు రోజులు పడక, ఒక గుంపుకు వ్యాయామాలు, మూడో గుంపుకు నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు మామూలు పనులు. 1995లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అందరికన్నా త్వరగా కోలుకున్నది మామూలు పనులు చేసుకున్న వారు. అక్కడ ఇచ్చిన పడక రెండు రోజులే సుమా! మన దగ్గర మూడు వారాలు మంచం మీద ఉన్న ఒక నేతన్నను కొడుకులు చేతుల మీద తీసుకువచ్చారు. ఆయన నడుములో పెద్ద దెబ్బ ఏదీ లేదు. తొడలు, పిరుదులు, నడుము కండరాలు మాత్రం వాడక సన్నబడిపోయాయి. వచ్చిన నొప్పి తగ్గడానికి పట్టిన రోజుల కన్నా, పోయిన బలం రావడానికి పట్టిన రోజులే ఎక్కువ.

కాపడం మంచిదే. వేడినీళ్ళ సంచి గాని, పెనం మీద వేడి చేసి గుడ్డలో మూట కట్టిన ఉప్పు గాని, ఇసుక గాని 15 నుండి 20 నిమిషాలు పెట్టవచ్చు. ముందు మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోండి. షుగరు ఉండి స్పర్శ తగ్గిన వారికి, ముసలివారికి కాపడం పెట్టేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కాపడంతో కాలిన పుండ్లకు కట్లు కట్టడం మాకు కొత్త కాదు. వాతలు పెట్టించడం మాత్రం ఏ విధంగానూ వద్దు.

నూనె రాసి మెల్లగా మర్దన చేస్తే హాయిగా ఉంటుంది. కానీ ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత నడుము తొక్కించుకునే అలవాటు ఇంకా చాలా ఊళ్ళలో ఉంది. తొక్కిన మరునాడు తగ్గిందని చెప్పేవారు ఉన్నారు, తొక్కకపోయినా వారిలో చాలామందికి తగ్గేదే. అరవై దాటిన తల్లుల ఎముకలు బోలుగా ఉంటాయి, ఒక్క తొక్కుడుకు పూస నలిగిపోవచ్చు. దయచేసి ఈ పని చేయించవద్దు.

మాత్రలు, సూదులు, సెలైను

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు డాక్టరు వ్రాసినన్ని రోజులు, అన్నం తిన్న తరువాత వేసుకుంటే పట్టు సడలి నడవడానికి వీలవుతుంది. అంతవరకే వాటి పని. కడుపులో పుండు ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, బి.పి. ఉన్నవారు, గర్భవతులు అడగకుండా వీటిని కొనుక్కోకూడదు. పారాసిటమాల్ కొంత సురక్షితమైనదే అయినా, 2014లో ఆస్ట్రేలియాలో పరీక్షించి చూస్తే నడుము పట్టును అది ఉత్తుత్తి మాత్ర కన్నా త్వరగా తగ్గించలేదని తేలింది. పట్టు సడలడానికి ఇచ్చే మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. అవి వేసుకుని ఆటో, మోటారు సైకిలు నడపవద్దు, జిన్నింగు మిల్లులో మిషను దగ్గర నిలబడవద్దు.

సూది గురించి గట్టిగానే చెప్పాలి. మిరప కోతలకు పోయిన చోట రోజు కూలి పోతుందనే భయంతో ప్రతి సాయంత్రం నొప్పి సూది వేయించుకుని, మరునాడు మళ్ళీ పనిలోకి దిగిన అక్కలను చూశాము. అలా రెండు వారాలు వేయించుకున్న ఒకామె తారులాగా నల్లని విరేచనాలతో, కళ్ళు తెల్లబడి మా దగ్గరికి వచ్చింది. అది కడుపులో రక్తం కారుతున్న గుర్తు. సంపాదించిన కూలి కన్నా ఎక్కించిన రక్తానికి, మందులకు అయిన ఖర్చే ఎక్కువ. కూలి ఎందుకు పోగొట్టుకోలేరో మాకు తెలుసు, అప్పు తీర్చడానికే కదా పోయేది. అందుకే ఈ మాట చెబుతున్నాము. నొప్పిని కప్పిపెట్టి పనిచేస్తే దెబ్బ తిన్న చోటే మళ్ళీ దెబ్బ తింటుంది.

ఇంకొకటి పొట్లం మందులు. పేరు లేకుండా కాగితంలో చుట్టి ఇచ్చే చిన్న తెల్ల మాత్రలలో చాలాసార్లు స్టెరాయిడ్లు ఉంటాయి. వేసుకున్న రోజే నొప్పి మాయమవుతుంది, ఆకలి వేస్తుంది, కొద్ది వారాల్లో ముఖం గుండ్రంగా నిండుతుంది. "ఒళ్ళు చేశాను" అని సంతోషించేవారు కూడా ఉన్నారు! లోపల మాత్రం షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. ఎక్కువ కాలం వాడినవారు ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ప్రమాదం. కాబట్టి భయపడి మీ అంతట మీరు ఆపకుండా డాక్టరు దగ్గరికి రండి, మెల్లగా తగ్గిస్తారు.

సెలైను ఎక్కించమని బ్రతిమాలేవారు చాలామంది. సెలైనులో ఉన్నది ఉప్పు, నీళ్ళు. ఎండాకాలంలో మూటలు మోసి చెమటకు పిక్కలు పట్టేస్తే నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ ఉపయోగపడతాయి. నడుము పట్టుకు సెలైను చేసే మేలు ఏమీ లేదు. మెడికల్ షాపులో అమ్మే నడుము బెల్టు కూడా అంతే. దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులు, బరువులు కట్టి లాగడం మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన సూచనలలో ఉంది.

ఎం.ఆర్.ఐ. చూసి బెదరవద్దు

కర్నూలుకు పోయి ఎం.ఆర్.ఐ. తీయించుకుని, "డిస్క్ అరిగింది, డిస్క్ ఉబ్బింది" అని వ్రాసిన కాగితం పట్టుకుని ఏడుస్తూ వచ్చేవారున్నారు. నడుము నొప్పి ఎన్నడూ లేని మనుషులకు తీసిన స్కానింగులన్నింటినీ కలిపి 2015లో లెక్క కట్టారు. వారిలో 20 ఏళ్ళ వారికే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. 80 ఏళ్ళ వారిలో 96 శాతం మందికి కనిపించింది. తల నెరిసినట్టు డిస్కులు కూడా వయసుతో అరుగుతాయి. బయటికి వచ్చిన డిస్క్ కూడా చాలామందికి నెలల్లో దానంతట అదే కుంచించుకుపోతుంది. కాబట్టి మామూలు పట్టుకు మొదటి వారంలోనే ఫోటో అడగవద్దు. కాలులోకి నొప్పి దిగి, కాలు బలం తగ్గుతుంటే అది వేరే సంగతి, దానిని కింద చెబుతున్నాము.

నడుము నొప్పికి గర్భసంచి తీయించడం

ఇది ముఖ్యంగా మన అక్కచెల్లెళ్ళ కోసం. మగవారు కూడా చదవాలి, ఎందుకంటే ఆపరేషనుకు డబ్బు కట్టేది, సంతకం పెట్టేది చాలా ఇళ్ళలో వారే. "నడుము నొప్పి, తెల్లబట్ట. గర్భసంచి పాడైంది, తీసేయాలి" అనే మాట మన ప్రాంతంలో ముప్పై ఏళ్ళ పిల్లలకు కూడా చెబుతున్నారు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.9 మంది. దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా మనమే ముందున్నాము. ఇది గొప్ప చెప్పుకునే సంగతి కాదు.

ఉదయం నాలుగింటికి లేచి, నీళ్ళు మోసి, పొయ్యి ముందు కూర్చుని, పొద్దంతా కలుపు తీసి, చంటిబిడ్డను చంకనెత్తుకున్న స్త్రీకి నడుము నొప్పి రావడానికి గర్భసంచి కారణం కానక్కరలేదు. చాలామందికి కారణం కండరాలే. గర్భసంచి తీసినా ఆ పని, ఆ కండరాలు అలాగే ఉంటాయి, నొప్పి కూడా అలాగే ఉంటుంది. పైగా అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లుడిగి, ఎముకలు త్వరగా బలహీనమవుతాయి. నడుము నొప్పికి చేయించిన ఆపరేషను వల్ల పదేళ్ళ తరువాత అసలైన నడుము నొప్పి మొదలవుతుంది. ఇటువంటి అనవసరమైన ఆపరేషన్లను అరికట్టాలని కేంద్ర ప్రభుత్వం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ముట్టు సమయంలోనే వచ్చే నడుము నొప్పి, ఎక్కువ రక్తస్రావం, దుర్వాసనతో తెల్లబట్ట ఉంటే తప్పక పరీక్ష చేయించుకోండి. వీటిలో చాలా వాటికి మందులున్నాయి. ఎవరైనా ఆపరేషను అంటే తొందరపడకుండా ఇంకొక లేడీ డాక్టరు గారి అభిప్రాయం అడగండి. అడగడం మీ హక్కు. అలాగే "కాన్పు ఆపరేషనుకు నడుములో సూది వేశారు, అప్పటినుండి ఈ నొప్పి" అనే మాట కూడా మాకు తరచు వినబడుతుంది. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి ఆ సూది కారణం కాదని పరిశోధనలలో తేలింది. కాన్పు తరువాత సాగిన పొట్ట కండరాలు, బిడ్డకు వంగి పాలివ్వడం, నిద్రలేమి దానికి కారణాలు. పాలిచ్చేటప్పుడు గోడకు ఆనుకుని, బిడ్డ కింద దిండు పెట్టి బిడ్డను రొమ్ము దగ్గరికి తెచ్చుకోండి.

పని మానకుండా నడుమును కాపాడుకోవడం

ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఊరు. గుంటమగ్గం మీద తరతరాలు బ్రతికిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. గుంట అంచున వెనుక ఆనుడు లేకుండా కూర్చుని, ముందుకు వంగి, కాళ్ళతో తొక్కుతూ, చేతులతో లాగుతూ పనిచేయాలి. నిలబడినప్పటి కన్నా ఇలా ముందుకు వంగి కూర్చున్నప్పుడు డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువని స్వీడన్ దేశపు డాక్టరు నాకెమ్‌సన్ 1960లలోనే సూదితో కొలిచి చూపించారు. నేతన్నలకు మేము చెప్పేది ఇది. కూర్చునే చోట దళసరి దిండు వేసి తుంటి కొంచెం ఎత్తులో ఉండేలా చూడండి. ముప్పావు గంటకు ఒకసారి గుంటలోంచి పైకి వచ్చి, రెండు చేతులు నడుముకు ఆనించి ఐదు సార్లు వెనక్కు వంగి, నాలుగు అడుగులు వేయండి. నూలు తెగినప్పుడు ఎలాగూ ఆగుతారు కదా, అప్పుడే ఈ పని కూడా చేయవచ్చు.

హమాలీలకు చెప్పడం సులభం, వారు చేయడం కష్టం. ఒక మగ మనిషి మోయవలసిన బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సూచించింది. యార్డులో మూట బరువు హమాలీ చేతిలో లేదు. కనీసం బరువు ఒంటికి దగ్గరగా ఉంచి, మోకాళ్ళు వంచి, ఇద్దరు పట్టి ఎత్తండి. ఎత్తిన తరువాత నడుము తిప్పకుండా పాదాలు తిప్పండి. పొద్దున్నే మొదటి మూట ఎత్తే ముందు ఐదు నిమిషాలు ఒళ్ళు వెచ్చబడేలా నడవండి.

పత్తి తీసే అక్కలు ఒడి నిండేదాకా ఆగకుండా సగానికే గంపలో ఒంపేయండి. మిరప కోతలో ఒక సాలు వంగి, ఒక సాలు కూర్చుని కోయండి. నిండు బిందె ఒక చంకన పెట్టే బదులు రెండు చేతులకు రెండు సగం బిందెలు మేలు. కటిక నేల మీద పడుకుంటేనే నడుము బాగవుతుందని కూడా ఒక నమ్మకం ఉంది. 2003లో స్పెయిన్‌లో చేసిన పరిశోధనలో బాగా గట్టి పరుపు కన్నా ఓ మాదిరి గట్టి పరుపు మీద పడుకున్నవారికే నొప్పి తగ్గింది. మరీ ఉయ్యాలలాగా సాగిపోయిన నవారు మంచాన్ని మాత్రం బిగించుకోండి.

పట్టు కొంచెం సడలగానే ఈ వ్యాయామాలు రోజుకు రెండు పూటలా చేయండి. చాప మీద వెల్లకిలా పడుకుని ఒక మోకాలిని రెండు చేతులతో రొమ్ము వైపు తెచ్చుకుని పది లెక్కించండి, తరువాత రెండో కాలు. ఇలా ఐదేసి సార్లు. తరువాత మోకాళ్ళు వంచి పాదాలు నేలకు ఆనించి, పిరుదులను మెల్లగా పైకి ఎత్తి ఐదు లెక్కించి దించండి, పది సార్లు. తరువాత చేతులు, మోకాళ్ళ మీద ఆవులాగా నిలబడి వీపును పిల్లిలాగా పైకి, తరువాత కిందికి వంచండి. ఊపిరి బిగపట్టవద్దు. నొప్పి కాలులోకి దిగితే ఆ వ్యాయామం ఆపండి. వీటన్నిటితో పాటు రోజూ అరగంట నడక. నొప్పి పోయిన తరువాత కూడా మానవద్దు. ఒకసారి పట్టేసిన నడుము మళ్ళీ పట్టడం సర్వసాధారణం, చేసేవారికి అది తక్కువగా వస్తుంది.

ఆలస్యం చేయకూడని గుర్తులు

మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా మూత్రం గాని మలం గాని పోతున్నా, మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు తిమ్మిరెక్కినా, కాలు పాదం పైకి లేవకపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేసి ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఇక్కడ గంటలు కూడా లెక్కే. జారిపడిన ముసలివారికి కొత్తగా నడుము నొప్పి వస్తే పూస విరిగి ఉండవచ్చు, ఎక్స్‌రే తీయించాలి. పక్కలోంచి గజ్జల్లోకి మెలికలు తిరిగే నొప్పి, మూత్రంలో మంట, రక్తం ఉంటే అది రాళ్ళ వల్ల కావచ్చు.

సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, ఒకే పూస మీద నొక్కితే నొప్పి ఉంటే వెన్నెముక క్షయను అనుమానించాలి. దగ్గు లేకుండానే క్షయ పూసకు రావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఇదివరకు క్షయ ఉంటే తప్పక చెప్పండి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, పోషకాహారానికి ఇచ్చే నెలసరి సాయాన్ని 2024 నవంబరు నుండి 1000 రూపాయలకు పెంచారు. పూస క్షయకు మందులు సంవత్సరం, అంతకు పైన కూడా వాడవలసి రావచ్చు. కాళ్ళు పడిపోక ముందే మొదలుపెడితే మనిషి మళ్ళీ పనిలోకి వెళ్ళగలడు.

ఈ గుర్తులేవీ లేకపోయినా ఆరు వారాలకు నొప్పి తగ్గకపోతే ఓ.పి.కి రండి. వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తెచ్చుకోండి. పొట్లంలో ఇచ్చిన విడి మాత్రలు ఉంటే వాటిని ఇంట్లో దాచిపెట్టకుండా తెచ్చి డాక్టరు గారికి చూపించండి. ఎవరిచ్చారని మేము తగవు పెట్టుకోము. ఎన్ని రోజులు వేసుకున్నారో మాత్రం సరిగ్గా చెప్పండి.